ప్రైవేటుకు మారడం అందరికీ కుదరదు

కరోనా వేళ అమెరికాలో పబ్లిక్ (ప్రభుత్వ) స్కూళ్లు తెరవకపోతే పిల్లల్ని ప్రైవేటుకు మార్చేయాల్సిందని ఒక వ్యాసంలో రచయిత చాలా తేలిగ్గా రాసేశారు. మేముండే ఉత్తర వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ మొదట వారానికి రెండు రోజులు బడికి పంపే వీలు ఇస్తామంది. 2020 జులై 21న మాట మార్చి, సెప్టెంబర్ 8 నుంచి అంతా వర్చువలే అని తేల్చేసింది. పోనీ బడి మాన్పించి మనమే ఇంట్లో చదివించుకుంటామని హోమ్ స్కూలింగ్‌కు నోటీసు ఇవ్వాలంటే రాష్ట్రం గడువు ఆగస్టు 15. నాలుగు వారాలు కూడా లేవు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

మా చిన్నవాడికి మాట స్పష్టంగా రాదు. ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) కింద స్పీచ్ థెరపీ పబ్లిక్ స్కూలే ఇస్తుంది. మనంతట మనం ప్రైవేటులో చేర్పిస్తే అది హక్కుగా రాదు. ఈ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అందుకే మేం కదల్లేదు. నాలుక ఎక్కడ ఆనించాలో టీచరమ్మ తెర మీద చూపిస్తుంటే వీడు మొహం ఐప్యాడ్‌కి అతికించేసేవాడు. ఆవిడకు వీడి నోరు కాదు, నుదురు కనిపించేది! పక్కన కూర్చుని ఐప్యాడ్ వెనక్కి లాగుతూ ఉండేదాన్ని.

నాలుగైదు కుటుంబాలు కలిసి టీచర్ని పెట్టుకున్నవాళ్లను తప్పుపట్టను, స్తోమత ఉంది, చేశారు. కానీ ఇలాంటి పిల్లల తల్లిదండ్రులను కూడా అడిగి రాయండి సార్.