సవరణ: సరౌండ్ స్పీకర్లు సోఫా వెనక కాదు

ఇంటిల్లిపాదీ వాడే హాల్లో హోమ్ థియేటర్ అమర్చడం గురించి మొన్న రాస్తూ, 5.1 సెట్‌లో (అయిదు స్పీకర్లు, లోతైన బాస్ శబ్దానికి ఒక సబ్‌వూఫర్) సరౌండ్ స్పీకర్లు, అంటే శబ్దం చుట్టూ ఉన్నట్టు వినిపించేవి, రెండూ సోఫా వెనక గోడకి బిగించమన్నాను. అది తప్పు. వెనక స్పీకర్లు ఏడు స్పీకర్లుండే 7.1 సెట్‌లో అదనంగా వచ్చేవి, రెండిటినీ కలిపేశాను.

5.1లో అవి కూర్చునేవాళ్ళకి పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి. ఎదురుగా ఉన్న సెంటర్ స్పీకర్ నుంచి లెక్కేస్తే అటూ ఇటూ 110 నుంచి 120 డిగ్రీలు. సోఫా గోడకి ఆనుకునే ఉంటే (ముందుకు జరుపుతానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు) పక్క గోడలకి, చెవికన్నా కాస్త ఎత్తులో బిగించండి. సోఫా చివర కూర్చున్నవాళ్ళకి చెవిలో హోరు తగ్గుతుంది.

సబ్‌వూఫర్ మూలన పెట్టమన్నది పూర్తిగా తప్పు కాదు గానీ, అక్కడ బాస్ బాగా పెరిగిపోతుంది. మాటలు సరిగ్గా వినపడకపోతే మూల నుంచి కొంచెం ఇవతలికి జరపండి.

వైర్ల గురించి రాసింది మార్చలేదు.