క్రాష్ మీద బంతిపూల దండ

డ్రమ్ కిట్ ఎట్ల సర్దుకోవాలె అని ఈమధ్య పోరగాళ్లు మస్తు అడుగుతున్నరు, అన్నా భుజం పట్టేసింది, అన్నా నడుం లేస్తలేదు అని. నేను హన్మకొండ, కాజీపేట, పరకాల, జనగామ దిక్కు పెండ్లిళ్లల్ల, గణపతి స్టేజీల మీద ఏండ్ల సంది వాయిస్తున్న కాబట్టి ఇగ ఈ విషయం మీద బాధ్యతగా నాలుగు ముక్కలు రాయక తప్పుతలేదు. చాలా గంభీరమైన విషయం, జర నవ్వకుండ చదవాలె.

మొట్టమొదటి సూత్రం: కిట్ పెట్టేది వాయించెటోని కోసం కాదు. ముందు అది ఫొటోగ్రాఫర్‌ది, ఆయన అయినంక డెకరేషనోళ్లది, వాళ్లయినంక పెండ్లిపిల్ల మేనమామది, వీళ్లందరు పోంగ పోంగ ఎనుక మిగిలిన రెండు జానల జాగ డ్రమ్మర్‌ది. ఇది తెల్వకనే పిల్లలు ఆగమైతున్నరు.

బయటి దేశపోళ్లు ఉల్టా చెప్తరు. ముందు మనిషి కూసోవాలెనట, తొడలు మోకాళ్ల దిక్కు కొద్దిగ వాలేటట్టు, మోకాలు మరీ మడత పడకుంట స్టూల్ ఎత్తు చూసుకోవాలెనట. ఆనంక రెండు పాదాలు సహజంగ ఏడ పడుతయో ఆడ్నే కిక్ (కింద నిలబెట్టే పెద్ద డ్రమ్ము) పెడల్, హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి మూసుకునే రెండు పళ్లాలు) పెడల్ పెట్టి, ఆ రెండు కాళ్ల నడుమ పద్నాలుగు ఇంచుల స్నేర్ డ్రమ్ము పెట్టాలెనట, దాని అంచు తొడకంటే నాలుగేళ్లు మీదికుండాలెనట. టామ్‌లు, అంటే మిగిలిన డ్రమ్ములు, ఎక్కువ వంచొద్దు, వంచితే స్టిక్ మూతి పోయి తోల్ల దిగుతది, గుంతలు పడుతయి. సింబల్స్, అంటే స్టాండ్ల మీది ఇత్తడి పళ్లాలు, భుజం లేపకుంట అందాలె. అంటే మనిషి చుట్టు కిట్టు తిరగాలె గానీ కిట్టు చుట్టు మనిషి తిరగొద్దు అని వాళ్ల వాదన. వినడానికి బాగనే ఉన్నది. కానీ ఇందుల ఫొటోగ్రాఫర్ ఏడున్నడు? మేనమామ ఏడున్నడు?

ఇగ స్టూల్ సంగతి. దాన్ని ఇంగ్లీషుల థ్రోన్ అంటరు, అంటే సింహాసనం. మొన్న హంటర్ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాల్‌ల స్టేజీ మీద సింహాసనాలు రెండున్నయి, ఎర్ర మఖ్మల్, బంగారు రంగు సింహాల మూతులు, అవి పెండ్లిపిల్లగానికి, పిల్లకు. నాకు భోజనాల కాడి తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. స్టూల్ బండిల ఎక్కియ్యడం మర్చిపోయింది మా ఆర్కెస్ట్రా పోరడే, గది ఒప్పుకుంట. అయితే ఆ కుర్చీకి చేతులున్నయి. మనిషికి చేతులుండుడు మంచిదే, కుర్చీకి కూడ ఉంటే డ్రమ్మర్‌కు నాలుగైతయి, అండ్ల రెండు మోచేతులకు అడ్డం వస్తయి. ఎత్తు చాలక ఒకదాని మీద ఒకటి మూడు కుర్చీలు ఎక్కిచ్చిన్రు. ఇగ కాలు కింద ఆన్తలేదు. మేనేజర్ వచ్చి నన్ను పైకెల్లి కిందికి చూసి "మంచిగ కనబడుతున్నవ్ తమ్మీ" అని పోయిండు. చూడండ్రి, నేను చెప్పిన సూత్రమే.

కింద గ్రానైట్, అద్దమోలె మెరుస్తది. కిక్ డ్రమ్‌కు ముంగట రెండు మొనదేలిన కాళ్లుంటయి, కింద కార్పెట్ ఉంటే అవి కర్సుకొని పట్టుకుంటయి, గ్రానైట్ మీద జారుతయి. తెలివిగల్లోళ్లు కార్పెట్ తెచ్చుకొని, స్టాండ్ల కాళ్లు ఏడేడ ఉండాలెనో దాని మీద టేప్ అతికిచ్చి పెట్టుకుంటరు, ఏ ఊరికి పోయినా పది నిమిషాలల్ల కిట్ ఉన్నదున్నట్టు నిలబడుతది. మాకు కార్పెట్ ఇచ్చిన్రు, కానీ డోర్ కాడ పరిచిన్రు, చుట్టాలు నడువాలె గదా. అందుకని ఒక చిన్న పోరన్ని కిక్‌కు ఆనుకొని కూసోబెట్టిన్రు. రెండో పాటకు ఐస్‌క్రీమ్ పెట్టిన్రని వాడు లేసి ఉరికిండు. నాలుగో పాట సగానికి వచ్చేసరికి కిక్ మూరెడు ముంగటికి పోయింది, నేను మూడు కుర్చీలతో సహా దాని ఎంబడి పోతున్న, వాయించుకుంటనే. పిల్లగాని సింహాసనం ఇంక రెండడుగులు ఉందనంగ దేవుని దయతోని పాట అయిపోయింది.

సింబల్స్ విషయంల మన పద్ధతి ఇంక గొప్పది. క్రాష్ అంటే గట్టిగ కొట్టే సింబల్, దాని స్టాండ్ ఎంత లేస్తదో అంత లేపాలె, లైట్ దాని మీద పడాలె, వీడియోల తళుక్కుమనాలె. అందకపోతే లేసి కొట్టు, హుషారుగ కనబడుతవ్. సింబల్‌ను పట్టుకునే రెక్క నట్టు కొద్దిగ వదులుంటేనే సింబల్ ఊగుతది, ఊగితేనే మోగుతది, బిగిస్తే ఊగలేక ఎప్పటికైనా పగులుతది. డెకరేషన్ ఆయన మాత్రం ఊగుతుంటే లూజ్ అయిందనుకొని పాపం కటింగ్ ప్లేయర్ పెట్టి మరీ బిగిచ్చిండు. అంతటితో ఊకోక క్రాష్ చుట్టు బంతిపూల దండ సుట్టిండు. కొడితే "ఛాష్" అనేది "థప్" అన్నది, రెక్కలన్నీ లేసి నా నోట్లె పడ్డయి. వీడియోల ఆ షాట్ స్లో మోషన్‌ల పెట్టిన్రు, పూలవాన అనుకొని అందరు మెచ్చుకున్నరు.

ఇగ ఎడమచేతి వాటం పిల్లలు అడుగుతరు, అన్నా హై-హ్యాట్ కుడి దిక్కు పెట్టుకుంట అని. పెట్టుకుంటే వాడు సుఖంగ వాయిస్తడు, అది నిజమే. కానీ శుభకార్యంల ఎడమ చెయ్యి ఏంది అని పెద్దమనుషులు అంటరు. బీటిల్స్ బ్యాండ్ డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతి వాటం ఉండి కుడిచేతి కిట్ మీద వాయించలేదా అని నేను కూడ వాళ్ల తరఫునే మాట్లాడిన, ఎందుకంటే పేమెంట్ ఇచ్చేది వాళ్లే.

అసలు చరిత్ర చూస్తే ఈ కిట్ పుట్టిందే మనిషికి అందాలెనని. బ్యాండ్ మేళంల ఒకలు పెద్ద డ్రమ్ము, ఒకలు సైడ్ డ్రమ్ము పట్టుకుంటరు గదా, ఆ ఇద్దరి పని ఒక్కడు చెయ్యాలెనని 1909ల షికాగోల లుడ్విగ్ అన్నదమ్ములు కాలి పెడల్ చేసి అమ్మబట్టిన్రు. హై-హ్యాట్ మొదట్ల కింద కాలి కాడ్నే మూరెడు ఎత్తు కూడ లేకుంటుండె, స్టిక్ అందుతలేదని 1920లల్ల దాని గొట్టం పొడుగు చేసి చేతికాడికి లేపిన్రు. అంత దూరం ఎందుకు, 1213 నాటి మన రామప్ప గుడి మీద వాయిద్యగాళ్లను చూడండ్రి, మద్దెల నడుం కాడ ఉంటది, చెయ్యి వంగితే అందుతది. ఆ శిల్పికి ఈ తెలివి ఎట్ల వచ్చిందంటే, అప్పుడు ఫొటోగ్రాఫర్ లేడు.

ఆ రోజు రాత్రి బరాత్ కోసం డప్పులోళ్లు వచ్చిన్రు. నేను మెట్ల మీద కూసోని నోట్లెకెల్లి పూరెక్కలు తీసుకుంటున్న. ఒక తాత రోడ్డు పక్కన నాలుగు అట్టముక్కలు ముట్టిచ్చి డప్పు కాపిండు, ఏలితోని ఒకపారి కొట్టి చూసిండు, ఇంకొంచెం కాపిండు. భుజాన తగిలిచ్చుకొని, తాడు రెండేళ్లంత పొట్టి చేసి ముడేసిండు, మోచెయ్యి ఒకసారి ఆడిచ్చి చూసుకొని కుడి చేతికి సిర్ర, ఎడమ చేతికి సిటికెన పుల్ల తీసుకున్నడు. మొత్తం కలిపి ఐదు నిమిషాలు. ఒక్కలు కూడ వచ్చి జర పైకి కట్టు తాతా, లైట్ పడ్తలేదు అనలే.

ఆయన స్టేజీ దిక్కు చూసి, దండల నడుమ మెరుస్తున్న నా కిట్టును చాన్సేపు చూసిండు.

"గివన్నీ నీవేనా బిడ్డా? మరి నువ్వు కూసునే జాగేది?"

"ఉన్నది తాతా, ఫొటోలు అయినంక ఇస్తమన్నరు."