టీకా బాధ్యత ఆసుపత్రిదా, ఏజెన్సీదా?

ఆసుపత్రి సిబ్బందికి టీకా తప్పనిసరి చేయాలా వద్దా అన్న గొడవ కోవిడ్‌తో మొదలై కోవిడ్‌తోనే సద్దుమణిగింది. 2021 జనవరి 16న దేశంలో మొదటి డోసులు పడింది ఆరోగ్య సిబ్బందికే. తర్వాత సర్టిఫికెట్ల రగడ, కోర్టు కేసులు అందరికీ గుర్తున్నవే. ఈ హడావిడిలో, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఆసుపత్రిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ టీకా తప్పనిసరి కావాలి. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం. అదే హెపటైటిస్-బి వైరస్ ఉధృతంగా ఉన్న రోగి సూది అయితే, టీకా లేనివాళ్లు కాలేయ జబ్బు పడే ముప్పు 30 శాతం దాకా ఉంటుంది. అయినా మనవాళ్లకు హెచ్‌ఐవీ అంటేనే భయం!

ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది కదా అంటారు. నిజమే. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. వద్దన్నవాళ్లను ఆపరేషన్ థియేటర్‌కూ డయాలసిస్ గదికీ దూరంగా ఉంచి, జీతం కోయకుండా వేరే పని ఇస్తే సరిపోతుంది.

అయినా వద్దనేవాళ్లు ఎంతమంది? అసలు టీకా వేసుకుంటారా అని అడిగినవాళ్లే లేరు. బయోమెడికల్ వ్యర్థాల (ఆసుపత్రి చెత్త) నిబంధనలు 2016లోనే వచ్చాయి. వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రిదేనని వాటిలో స్పష్టంగా ఉంది. మరి బెంగళూరు ఆసుపత్రుల్లో ఆ వ్యర్థాల సంచులు మోసేది ఎవరు? కాంట్రాక్టు మీద ఏజెన్సీలు పంపే హౌస్‌కీపింగ్ వాళ్లు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. సూదులు పడాల్సింది గట్టి తెల్ల డబ్బాలో. ఎవరో తొందరలో పసుపు సంచిలో పడేస్తే, గుచ్చుకునేది దాన్ని ఎత్తిన మనిషికి.

ఈ టీకా మూడు డోసులు. మొదటిది వేశాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి. ఆ ఆరు నెలల్లో కాంట్రాక్టు మారుతుంది, లేదంటే ఏజెన్సీ మనిషిని ఇంకో ఆసుపత్రికి పంపేస్తుంది. మూడో డోసు గాలికి పోతుంది. అడిగితే ఆసుపత్రి ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ ఆసుపత్రిని చూపిస్తుంది. దేశమంతటా పిల్లలకు ఈ టీకా ఇవ్వడం మొదలైంది 2011లో. ఇవాళ చీపురు పట్టినవాళ్లంతా అంతకు ముందు పుట్టినవాళ్లే.

ఖరీదు అనే సాకూ చెల్లదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా ఈ టీకా తయారుచేసి, దిగుమతి సరుకు ధరను నేలకు దించింది. అడ్డమల్లా ఔట్‌సోర్సింగే. బెంగళూరు నగరాన్ని ఊడ్చే పౌరకార్మికులు, వాళ్లలోనూ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే, ఏళ్ల తరబడి కొట్లాడింది ఈ కాంట్రాక్టు పద్ధతి మీదే. పని మన ఆవరణలో, మనిషి మాత్రం మనవాడు కాదు అనే ఏర్పాటు ఇది. జీతం, సెలవు, పీఎఫ్ అన్నీ ఇందులోనే మాయమవుతాయి. టీకా కూడా అంతే.

కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి వ్యర్థాల కోసం ఆసుపత్రికి ఇచ్చే అనుమతిని రెన్యూవల్ చేసేటప్పుడు ఏజెన్సీ కార్మికులందరి మూడు డోసుల రికార్డూ అడగాలి. రికార్డు లేకపోతే జరిమానా ఆసుపత్రికే వేయాలి, ఆ డబ్బు కార్మికుడి జీతంలోంచి కోయకుండా చూడాలి.