నిరోధ్ చేతిలో ఉంటే చాలదు, అప్పు మెడ మీద ఉండకూడదు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాలకు హెచ్ఐవీ ఏ దారిన వచ్చిందో, సూరత్ మరమగ్గాల వలసలేమిటో, 16వ నంబరు జాతీయ రహదారి లారీలేమిటో ఇక్కడి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. గది తలుపు మూసుకున్నాక కండోమ్ ఉంటుందా, ఉండదా అన్నది సెక్స్ వర్కరుగా బతికే మహిళకున్న అవగాహనతో తేలదు. ఆ సాయంత్రం ఆమె కట్టాల్సిన వాయిదాతో తేలుతుంది.

లెక్క చూడండి. డైలీ ఫైనాన్స్‌లో 10 వేలు రాసిస్తే చేతికి 8,500 వచ్చాయనుకుందాం. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ 1,500 రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతుంటుంది కాబట్టి సగటున ఆమె దగ్గర నిలిచే సొమ్ము నాలుగు వేల చిల్లరే. ఏడాదికి లెక్కేస్తే వడ్డీ నూటికి నూరు దాటుతుంది. ముసురు పట్టి గిరాకీ లేకపోయినా, నెలసరి వచ్చినా, జ్వరంతో పడుకున్నా ఆ వంద ఆగదు. చీకటి పడుతున్నా బోణీ కాని రోజున వచ్చినవాడు, అది లేకుండా అయితే రెండొందలు ఎక్కువిస్తానంటాడు. రెండొందలంటే రెండు వాయిదాలు. అక్కడ పీర్ ఎడ్యుకేటర్, అంటే తమలోంచే వచ్చి జాగ్రత్తలు చెప్పే కార్యకర్త, నేర్పిన పాఠం గుర్తుండీ లాభం లేదు.

పాఠం అక్కర్లేదని కాదు, దానికి ప్రాణాలు కాపాడే బలం ఉంది. ప్యాకెట్ నొక్కితే లోపల గాలి తగలాలి, తేదీ చూడాలి, పళ్లతో చింపకూడదు. కొన నొక్కి గాలి తీసి తొడగాలి. అయ్యాక మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తీయాలి. కొబ్బరినూనె తగిలిందా, రబ్బరు నిమిషాల్లోనే బలం కోల్పోతుంది. నీటితో చేసిన జెల్లీ మాత్రమే వాడాలి. భద్రమని రెండు తొడిగితే ఒకదానికొకటి రాసుకుని చిరిగే ప్రమాదముంది. చిరిగితే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లి హెచ్ఐవీ సోకకుండా ఆపే మందు మొదలుపెట్టి 28 రోజులూ వాడాలి. మొదటి రోజే మొదలుపెడితే ఇంకా మేలు. అయితే వీటన్నిటికీ కాస్త వెలుతురు, తొందర లేని అయిదు నిమిషాలు కావాలి. తాగి వచ్చినవాడితో, లారీ క్యాబిన్‌లో, పోలీసు విజిల్ వినిపించే చోట అవి దొరకవు.

పోలీసుల సంగతి విడిగా చెప్పాలి. సంచిలో నాలుగు కండోమ్‌లు దొరికితే అదే సాక్ష్యమన్న భయంతో ఒక్కటే దాచుకుని వెళ్లే పరిస్థితి ఉన్నంతకాలం, రెండో గిరాకీకి రక్షణ ఉండదు. కండోమ్ దగ్గరుండటాన్ని నేరంగానూ, నేరానికి సాక్ష్యంగానూ చూడకూడదన్న సిఫార్సును అమలు చేయమని 2022 మే 19న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఉత్తర్వు ఒడియాలోనూ తెలుగులోనూ ప్రతి స్టేషన్ గోడ మీదా ఉండాలి.

ఇక కండోమ్ అందరికంటే తక్కువగా కనపడేది కొత్తవాడి దగ్గర కాదు, ఏళ్ల తరబడి వచ్చిపోయే మనిషి దగ్గర. అక్కడ ఆ మాటెత్తితే అనుమానించినట్టు. తరచూ అప్పుకు హామీ ఉన్నదీ అతనే అవుతాడు. అప్పు, ప్రేమ ఒకే మనిషి చేతిలో ఉంటే ఆమె వద్దని ఎలా అంటుంది?

ఉచితంగా పంచుతున్నాం, ఆరు నెలలకోసారి పరీక్ష చేస్తున్నాం, కేసులు తగ్గాయి, ఇంకేం కావాలని అధికారులు అడుగుతారు. తగ్గిన మాట నిజమే, ఆ ఘనత క్షేత్రస్థాయి కార్యకర్తలదే. కానీ దేశంలో పెద్దల్లో హెచ్ఐవీ 0.2 శాతం దగ్గర ఉంటే సెక్స్ వర్కర్లలో ఇప్పటికీ దానికి ఎన్నో రెట్లుంది. ఆ మిగిలిన దూరం పంపకాలతో తీరేది కాదు.

కోల్‌కతాలో సెక్స్ వర్కర్ల వాడ సోనాగాచీ దీన్ని ముందే గ్రహించింది. 1992లో ఆరోగ్య కార్యక్రమంగా మొదలైన పని, 1995 నాటికి ఆ మహిళల సొంత పొదుపు సహకార సంఘం ‘ఉష’ దాకా వెళ్లింది. వడ్డీవ్యాపారి పట్టు సడలితేనే గిరాకీని వెనక్కి పంపే ధైర్యం వస్తుంది.

మరి బరంపురంలోనో రాయగడలోనో ఉన్న తెలుగు మహిళ పొదుపు ఖాతా తెరవాలంటే ఆధార్ కావాలి, ఆధార్‌కు చిరునామా కావాలి. అసలు చిక్కు సరిహద్దుది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతకు రెండు వైపులా అవే కుటుంబాలు, అదే మాట. ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఇచ్ఛాపురంలో జాబితాకెక్కిన పేరు పాతిక కిలోమీటర్ల దూరంలోని బరంపురంలో కొత్త పేరు అవుతుంది, లేదా ఎవరి లెక్కలోనూ ఉండదు. హెచ్ఐవీ మందు మధ్యలో ఆగిపోయేది ఇలాంటి చోటే. రేషన్‌కూ బడికీ ఓటుకూ సరిహద్దు తెలుగువాళ్లు పడే అవస్థే ఇది. కాకపోతే ఇక్కడ దాని వెల ప్రాణం.

దారి లేకపోలేదు. ఇంటి రుజువు అడగకుండానే, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) గెజిటెడ్ అధికారి గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ ఇచ్చే ధ్రువపత్రంతో సెక్స్ వర్కర్లకు ఆధార్ ఇవ్వాలనీ, అందులో వృత్తిని పట్టిచ్చే గుర్తేదీ ఉండకూడదనీ అదే 2022 ఉత్తర్వు చెప్పింది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో అలాంటి ధ్రువపత్రాలు ఇప్పటికి ఎన్ని ఇచ్చారో, అందులో తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో, పేర్లు లేకుండా అంకెలు మాత్రం ఒడిశా ప్రభుత్వం జిల్లాలవారీగా బయటపెట్టాలి.