అప్‌డేట్ మాడ్యూల్ రాసినవాళ్లు తప్పుకుంటే ఆ తర్వాత ఎవరు?

వందల కంప్యూటర్లు చూసుకునే ఏ అడ్మిన్‌ని అడిగినా, ఎప్పటికీ తెగని పని అప్‌డేట్లే అంటారు. బ్రౌజర్ ఒకటి, పీడీఎఫ్ రీడర్ ఒకటి, వీడియో కాల్ యాప్ ఇంకొకటి, దేని షెడ్యూల్ దానిదే, ఏ రాత్రి ఏది కొత్త వెర్షన్ వదులుతుందో ముందు తెలియదు, వదిలాక దాన్ని దించుకుని, అసలైనదేనా అని చూసుకుని, ప్యాకేజీ కట్టి, అన్ని మెషీన్లకీ పంపాలి. మనిషి కూర్చుని చేస్తే ఇదొక్కటే ఉద్యోగం అయిపోతుంది. అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్ టూల్స్ వచ్చాయి. అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. టూల్‌కి ఏ యాప్ గురించీ సొంతంగా ఏమీ తెలియదు. ఫలానా యాప్ కొత్త వెర్షన్ ఎక్కడ దొరుకుతుంది, వెర్షన్ నంబర్ ఎలా చదవాలి, డిజిటల్ సంతకం ఎవరిదై ఉండాలి, ఏ ఆప్షన్ ఇస్తే ప్రశ్నలు అడగకుండా ఇన్‌స్టాల్ అవుతుంది, ఇదంతా చెప్పేది ఎక్కడో ఎవరో రాసి ఊరికే పంచిపెట్టిన చిన్న మాడ్యూల్.

ఈ మాడ్యూల్స్‌కి ఒక్కోచోట ఒక్కో పేరు. మ్యాక్‌లో ఆటోపీకేజీ రెసిపీలు, హోంబ్రూ ఫార్ములాలు. విండోస్‌లో విన్‌గెట్ మ్యానిఫెస్టులు, చాక్లెటీ ప్యాకేజీలు. ఆర్చ్ లినక్స్‌లో యూజర్లే రాసి పెట్టే పీకేజీబిల్డ్ ఫైళ్లు, డెబియన్‌లో వాచ్ ఫైళ్లు. పేర్లు వేరు, చేసే పని దాదాపు ఒకటే. పెద్ద పెద్ద సంస్థల భద్రత కూడా ఈ పాతిక, యాభై లైన్ల ఫైళ్ల మీద ఆధారపడి ఉంది, వాటిలో చాలావాటిని రాసినవాళ్లకి ఎవరూ జీతం ఇవ్వడం లేదు.

మా మాట సూటిగా చెబుతున్నాం. మాడ్యూల్స్ రాయండి, తప్పకుండా పంచండి. కానీ అప్‌లోడ్ చేసిన రోజుతో పని అయిపోయిందని అనుకోవద్దు. మీరు చూసుకోలేని రోజు వస్తే ఏం జరగాలో మొదటి రోజే రాసిపెట్టండి. వాడుకునేవాళ్లు కూడా ఆ సంగతి మొదటి రోజే అడగాలి. ఇప్పటిదాకా జరిగిన పెద్ద ప్రమాదాల్లో కొన్ని కోడ్ తప్పుల వల్ల కాదు, మాడ్యూల్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన సమయంలో ఎవరూ చూడకపోవడం వల్ల జరిగాయి.

ముందు, ఈ పని ఎందుకు విలువైనదో చెప్పుకోవాలి, లేకపోతే ప్రమాదాల జాబితా చదివి జనం పంచడమే మానేస్తారు. వన్నాక్రై గుర్తుందా? 2017 మే 12న ఆసుపత్రులతో సహా ఎన్నో దేశాల్లో కంప్యూటర్లను పడగొట్టిన రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మార్చి 14నే వచ్చేసింది. దాదాపు రెండు నెలలు ప్యాచ్ చేతిలో ఉండి కూడా చాలాచోట్ల వేయలేదు. చేతులతో చేసే అప్‌డేట్లు ఇలాగే వెనకబడతాయి, అడ్మిన్లు బద్ధకస్తులు కావడం వల్ల కాదు, పని మనుషుల చేతికి మించిపోవడం వల్ల. ఒక యాప్‌కి ఒకరు సరైన మాడ్యూల్ రాసి పంచితే, అదే తలనొప్పి వేలమందికి తప్పుతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంతమందికి మేలు చేసే పనులు సాఫ్ట్‌వేర్‌లో అరుదు.

ఇక మంచి మాడ్యూల్ ఎలా ఉంటుంది? ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాం, ఎందుకంటే పంచుకున్న మాడ్యూల్స్‌లో కనిపించే తప్పులు చాలావరకు అవే అవే.

మొదటిది వెర్షన్ పోలిక. 1.10 అనేది 1.9 తర్వాత వచ్చింది. కానీ రెండింటినీ మామూలు అక్షరాల్లా పోల్చితే 1.9 పెద్దదని తేలుతుంది, మాడ్యూల్ కొత్తదాన్ని చూసి కూడా పాతదే కొత్తదని నమ్మి ఊరుకుంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు, నెలల తరబడి అప్‌డేట్ ఆగిపోయి ఉంటుంది. వెర్షన్లను పోల్చడానికి టూల్ ఇచ్చిన పద్ధతే వాడాలి, సొంతంగా రాసుకోకూడదు. రెండోది డౌన్‌లోడ్. కంపెనీ తన వెబ్‌సైట్ మార్చేస్తే పాత లింకు దగ్గర ఇన్‌స్టాలర్ బదులు "ఈ పేజీ లేదు" అనే వెబ్ పేజీ వస్తుంది. కొన్ని సర్వర్లు దాన్ని కూడా అంతా బాగానే ఉందన్న కోడ్‌తోనే పంపుతాయి. మాడ్యూల్ ఆ పేజీనే ఇన్‌స్టాలర్ అనుకుని సేవ్ చేసుకుంటుంది. వచ్చింది నిజంగా ఇన్‌స్టాలరేనా అని చూసే ఒక్క లైన్ ఉంటే అక్కడికక్కడే దొరికిపోతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, సంతకం. చాలామంది హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) సరిచూస్తే చాలనుకుంటారు. విన్‌గెట్ మ్యానిఫెస్టులో ఇన్‌స్టాలర్ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఉండాల్సిందే, అది మంచిదే, మ్యానిఫెస్టు రాసిన రోజు చూసిన ఫైలే ఈ రోజూ వస్తోందని అది చెబుతుంది. కానీ ఆ ఫైల్‌ని ఎవరు తయారుచేశారో చెప్పదు. పైగా కొన్ని మాడ్యూల్స్ హ్యాష్‌ని కూడా ఇన్‌స్టాలర్ ఉన్న సర్వర్ నుంచే తెచ్చుకుంటాయి, ఆ సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే రెండూ కలిపే మారుస్తారు, అప్పుడు ఆ తనిఖీకి అర్థమే లేదు. సంతకం ఫలానా డెవలపర్‌దే అయి ఉండాలని మాడ్యూల్‌లోనే రాసిపెట్టాలి. ఆటోపీకేజీలో దీనికోసం కోడ్ సిగ్నేచర్ వెరిఫయర్ అనే భాగం సిద్ధంగా ఉంది, వాడకపోవడానికి సాకు లేదు. సంతకం మారిన రోజు మాడ్యూల్ ఆగిపోతుంది, అప్పుడు కొందరు విసుక్కుని ఆ తనిఖీనే తీసేసి కొత్త వెర్షన్ పెడుతుంటారు. దయచేసి అలా చేయొద్దు. కంపెనీ నిజంగానే సర్టిఫికెట్ మార్చిందా అని కనుక్కునే దాకా ఆగడమే సరైన పని.

మిగతావి త్వరగా చెప్పేస్తాం. సొంత పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు, సొంత మెషీన్‌లోని ఫోల్డర్ దారులు మాడ్యూల్‌లో వదిలేయకండి, కోడ్ మార్పులన్నీ దాచుకునే గిట్‌లోకి ఒకసారి వెళ్లిన టోకెన్ తర్వాత డిలీట్ చేసినా పాత కమిట్‌లలో (నమోదైన మార్పుల్లో) అలాగే ఉంటుంది. పంచే ముందు ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఖాళీ మెషీన్ మీద నడిపి చూడండి. బీటా వెర్షన్లు పొరపాటున లోపలికి రాకుండా చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2018 జులైలో ఆర్చ్ లినక్స్ యూజర్ల రిపాజిటరీలో (ప్యాకేజీలు ఉంచే చోటు) అక్రోరీడ్ అనే ప్యాకేజీకి చూసుకునేవాళ్లు లేక అనాథగా పడి ఉంటే, ఎవరో కొత్త ఖాతాదారు దాన్ని దత్తత తీసుకున్నారు. అక్కడ అది మామూలే, నియమాల ప్రకారం తప్పు కూడా కాదు. తర్వాత ఆ పీకేజీబిల్డ్‌లో బయటి నుంచి ఒక స్క్రిప్టు తెచ్చి నడిపే లైన్ చేర్చారు, ఆ స్క్రిప్టు మెషీన్ వివరాలు పోగుచేసి బయటికి పంపేలా రాసింది. పేరు అదే, పేజీ అదే, నిన్నటిదాకా నమ్మినవాళ్లు ఈ రోజు కూడా నమ్మారు. మారింది మనిషి మాత్రమే. అదే ఏడాది జావాస్క్రిప్ట్ లైబ్రరీలు పంచుకునే ఎన్‌పీఎమ్‌లో ఈవెంట్-స్ట్రీమ్ అనే లైబ్రరీ విషయంలోనూ ఇదే జరిగింది, ఆ లైబ్రరీని ఇక చూసుకోలేకపోతున్న రచయిత, సాయం చేస్తానన్న ఒక అపరిచితుడికి హక్కులు ఇచ్చారు, ఆ చేతుల నుంచి బిట్‌కాయిన్ వాలెట్‌ని దోచే కోడ్ వచ్చింది.

ఎక్స్‌జెడ్ కథ అన్నిటికన్నా బాధాకరం. అది అప్‌డేట్ మాడ్యూల్ కాదు, కంప్రెషన్ లైబ్రరీ, అయినా పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా ఆ ప్రాజెక్టును మోసిన వ్యక్తి మీద, పని నెమ్మదిగా సాగుతోందని, ఇంకొకరికి అప్పగించమని 2022లో ఒత్తిడి వచ్చింది. చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలు ఉన్నాయని ఆయన బహిరంగంగానే చెప్పారు. సాయానికి వచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన జియా టాన్ అనే పేరు నుంచే 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి) వచ్చింది. దాన్ని నిద్రలేపే స్క్రిప్టు గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో (కోడ్‌ని మూటకట్టిన ఫైల్) మాత్రమే ఉంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టారు, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీయబట్టి. ఉచితంగా పనిచేసే మనిషిని తొందరపెట్టి, సాయం మాత్రం చేయకుండా వదిలేస్తే ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేరు. ప్రాజెక్టును మోసిన ఆ వ్యక్తిని తప్పుపట్టినవాళ్లని మేం చూశాం, ఆ నిందతో మేం ఏకీభవించం.

అందుకే మాడ్యూల్ పంచేవాళ్లని కోరేది చాలా చిన్నది. రీడ్‌మీలో (మాడ్యూల్‌తో పాటు ఉంచే వివరణ ఫైల్) నాలుగు మాటలు రాయండి: దీన్ని చూసుకునేది ఎవరు, ఎంత తరచుగా చూస్తారు, మానేస్తే ఎక్కడ చెబుతారు, హక్కులు ఎవరికి ఇస్తారు లేదా ఎవరికీ ఇవ్వరు. మానేయాల్సి వస్తే మానేశామని ప్రకటించండి, అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. హోంబ్రూలో ఫార్ములాని డిప్రికేట్ చేసి (ఇక వాడొద్దని గుర్తుపెట్టి) కారణం రాసే వీలుంది, తర్వాత పూర్తిగా డిసేబుల్ కూడా చేయవచ్చు. ఆటోపీకేజీలో రెసిపీ నడిచినప్పుడల్లా "ఇది పాతబడింది" అని హెచ్చరించే భాగం ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టడం కంటే మూసేయడం ఎంతో మేలు. ఎవరికైనా కావాలంటే కొత్త పేరుతో ఫోర్క్ (విడి కాపీ) చేసుకుంటారు, వాడేవాళ్లు తెలిసే ఎంచుకుంటారు.

వాడుకునే సంస్థలకి మాత్రం ఇంత మెత్తగా చెప్పలేం. ఇతరుల మాడ్యూల్‌ని మీ సర్వర్‌లో రూట్ హక్కులతో (అంటే సర్వాధికారాలతో) నడుపుతున్నారంటే ఇంటి తాళం వాళ్లకి ఇచ్చినట్టే, కనీసం ఆ యాభై లైన్లు చదవండి. తేలియాడే ట్యాగ్‌ని (తర్వాత ఇంకో కమిట్ వైపు తిప్పగలిగే వెర్షన్ పేరు) కాకుండా నిర్దిష్ట కమిట్‌ని వాడండి. 2025 మార్చిలో గిట్‌హబ్‌లో 23,000కు పైగా రిపాజిటరీలు వాడుతున్న టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ మాడ్యూల్‌ని పాడుచేసినవాళ్లు పాత వెర్షన్ ట్యాగ్‌లలో చాలావాటిని చెడ్డ కమిట్ వైపు తిప్పేశారు, దాంతో పాత వెర్షనే వాడుతున్నామనుకున్నవాళ్ల రహస్యాలు కూడా బిల్డ్ లాగ్‌లలోకి వెళ్లాయి. కమిట్ హ్యాష్ అంతకుముందే రాసుకున్నవాళ్లకి ఆ దెబ్బ తగల్లేదు.

కొత్త వెర్షన్‌ని వచ్చిన నిమిషంలోనే అందరికీ తోసేయకండి. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క కంటెంట్ అప్‌డేట్ 85 లక్షల విండోస్ మెషీన్లను కూల్చింది, మైక్రోసాఫ్ట్ అంచనా అది. ముందు కొన్ని మెషీన్లు, ఒక రోజు ఆగి ఇంకొన్ని, అలా వెళ్లాలి. రెనోవేట్, డిపెండబాట్ లాంటి టూల్స్‌లో కొత్త విడుదల కొన్ని రోజులు పాతబడే దాకా ఆగే సెట్టింగ్ ఉంది, అది వాడండి. కానీ వన్నాక్రై సంగతి కూడా మరవొద్దు, భద్రతా ప్యాచ్‌లకి ఈ ఆగడం వర్తించకూడదు, వాటికి వేరే దారి, త్వరగా చూసి త్వరగా పంపే దారి ఉండాలి. ఈ రెండిటికీ ఒకే నియమం పెట్టుకుంటే ఏదో ఒకవైపు దెబ్బ తింటారు.

ఇంకోటి, డబ్బు. ఒక మాడ్యూల్ వల్ల మీ సంస్థకి ఒక ఉద్యోగి పని ఆదా అవుతుంటే అందులో కొంత ఆ రచయితకి చేరాలి. డబ్బు ఇవ్వడానికి ఆఫీసు ఒప్పుకోకపోతే మీ ఉద్యోగికి వారానికి కొన్ని గంటలు ఇవ్వండి, ఆ రచయిత దగ్గర పేరుకున్న బగ్ రిపోర్టులు చూడమనండి, మీరు లోపల సరిచేసుకున్నదాన్ని తిరిగి పంపమనండి. సరిచేసి తమ దగ్గరే దాచుకునే సంస్థలు ఉన్నాయి, ఆ అలవాటు పోవాలి.

చివరిగా, ఈ మాడ్యూల్స్‌ని హోస్ట్ చేసే రిపాజిటరీలు, ఆ టూల్స్ తయారుచేసేవాళ్లు. ఆటోపీకేజీలో ఒక మంచి ఏర్పాటు ఉంది. మీరు వాడే రెసిపీకి మీ సొంత ఓవర్‌రైడ్ (మీ మార్పులు మాత్రమే ఉండే ఫైల్) తయారుచేసుకుంటే, అది ఆధారపడిన మాతృ రెసిపీల హ్యాష్‌లు అందులో నమోదవుతాయి. అవతలివాళ్లు రెసిపీలో ఒక్క అక్షరం మార్చినా తర్వాతి రన్ ఆగిపోతుంది, ఏం మారిందో చూసి ఒప్పుకుంటేనే మళ్లీ నడుస్తుంది. ఇది కోడ్ మారితే పనిచేస్తుంది. ఇదే పద్ధతిని మనుషులు మారినప్పుడు కూడా పెట్టాలన్నది మా డిమాండ్. మాడ్యూల్ యజమాని మారిన రోజు దాన్ని వాడే ప్రతి మెషీన్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆగిపోవాలి, పాత పేరు, కొత్త పేరు, మారిన తేదీ అడ్మిన్‌కి కనిపించాలి, ఆయన సరే అంటేనే ముందుకు వెళ్లాలి. అనాథగా ఉన్న మాడ్యూల్‌ని ఎవరైనా దత్తత తీసుకుంటే, వాళ్లు చేసే మొదటి మార్పులని ఇంకో మెయింటెయినర్ చదివాకే విడుదల చేయాలి. దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు, యజమాని ఎవరన్నది రిపాజిటరీ దగ్గర ఎలాగూ ఉన్న సమాచారమే, దాన్ని అప్‌డేట్ టూల్ చదివేలా చేస్తే చాలు.