అద్దె డబ్బే ఈఎంఐ అవుతుందా?
‘అద్దెకి పోసేది ఈఎంఐ కడితే ఇల్లు మనదైపోతుంది’ అని ఒక వ్యాసంలో రాశారు. వినడానికి బాగానే ఉందండీ. మేం విజయవాడ సింగ్‌నగర్‌లో 50 లక్షల ఫ్లాట్ చూశాం. బ్యాంకు 40 ఇస్తానంది, మిగతా 10 ఉన్నాయి కదా అని సంబరపడ్డాం. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అంటే 3.75 లక్షలు, మళ్లీ మన జేబులోంచే. (బ్రోకరు ఆ ఊసే ఎత్తలేదు!) 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల ఈఎంఐ దాదాపు 34,700. మా అద్దె 12,000.

కింద పార్కింగ్ గోడకి 2024 బుడమేరు వరద నీటి చార ఇంకా ఉంది. మా ఆవిడ పక్కన నిలబడి చూసుకుంది, భుజాల దాకా వచ్చింది.

ఇప్పుడు ఈఎంఐకీ అద్దెకీ ఉన్న తేడా 22,700 నెలనెలా విడిగా దాస్తున్నాం, కట్టగలమో లేదో తెలియాలని. రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల పిల్లాడి కాలేజీ ఫీజుకి తీసేశాం.