చదవక్కర్లేని పరిణామ పుస్తకం ఎంచుకోవడం ఎలా?

జీవపరిణామం మీద ఒక పుస్తకం ఇంట్లో ఉండటం మంచిదే. చిక్కల్లా దాన్ని చదవడంతోనే. పొరపాటున నాలుగు పేజీలు తిరగేస్తే, ఇన్నాళ్లూ ధీమాగా చెప్పుకొస్తున్న మాటలు కొన్ని మింగాల్సి వస్తుంది. ఆ ప్రమాదం నుంచి సామాన్య పాఠకుణ్ణి కాపాడాలనే సదుద్దేశంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పాతికేళ్లుగా ఇలాంటి పుస్తకాలు శ్రద్ధగా కొంటున్నవాణ్ణి, అంతకంటే శ్రద్ధగా చదవకుండా ఉంటున్నవాణ్ణి కనుక నాకా అర్హత ఉందనే అనుకుంటున్నాను.

ముందు అట్ట చూడాలి. వంగిన కోతి, కాస్త లేచిన కోతి, బరిసె పట్టుకున్న ఒకాయన, చివర నిటారుగా నడిచే మనిషి. ఈ వరుస కనబడితే ఇంకేం ఆలోచించకుండా కొనేయండి. కథంతా అట్ట మీదే అయిపోయింది, లోపలికి వెళ్లే పని లేదు. ఈ వరుసకు మూలమైన బొమ్మను 1965లో ఒక పుస్తకం కోసం చిత్రకారుడు రుడాల్ఫ్ జాలింగర్ వేశారు. అందులో 15 మంది ఉంటారు. వీళ్లలో అందరూ మన పూర్వీకులు కారు, పక్క కొమ్మలవాళ్లూ ఉన్నారని ఆ పుస్తకంలోనే రాసి ఉంది. బొమ్మ ఉండగా రాత ఎవరు చదువుతారు? చింపాంజీ మనకు తాత కాదు, దాయాది అనే సంగతి అట్ట మీద చూపించాలంటే కొమ్మలున్న చెట్టు వేయాలి. అది చూసి తోటపని పుస్తకం అనుకుంటారు. (డీఎన్‌ఏ మెలిక ఉన్న అట్టలూ ఫరవాలేదు. కాకపోతే అందులో కోతి ఉండదు.)

తర్వాత పేరు. వాదించడానికి సరిపడా సరుకు పేరులోనే దొరకాలి. ఈ విషయంలో జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో రాసిన ‘ద సెల్ఫిష్ జీన్’ను మించింది లేదు. జన్యువుకే స్వార్థం, కాబట్టి మనిషికీ స్వార్థం, కాబట్టి నేను అప్పు తీర్చకపోవడం శాస్త్రీయం. మూడు మెట్లలో పని అయిపోతుంది. లోపల ఆయన చెప్పింది వేరు. స్వార్థం ఉన్నట్టు మెలిగేది జన్యువు. జీవులు ఒకదానికొకటి సాయపడటం ఎలా పుట్టిందో కూడా ఆ లెక్కతోనే వివరిస్తారు. పైగా ఉదారంగా ఉండటం నేర్పడానికి ప్రయత్నిద్దామని మొదటి అధ్యాయంలోనే అంటారు. మీకు అప్పిచ్చినాయన మొదటి అధ్యాయం చదవనంత వరకు ఢోకా లేదు.

పరువు కోరుకునేవాళ్లు నేరుగా డార్విన్‌నే కొంటారు. తెలివైన పని. 1859 నాటి ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’లో కోతి కోసం వెతికేవాడికి మొదటి అధ్యాయంలోనే పెంపుడు పావురాలు అడ్డం వస్తాయి. వాటి ముక్కులు, వాటి తోక ఈకలు. మనిషి పుట్టుక మీదా వెలుగు పడుతుందని చివర్లో ఒక్క వాక్యం అని ఊరుకున్నాడు ఆ మహానుభావుడు. అచ్చుకు ముందే రాతప్రతి చూసిన ఒక పెద్దమనిషి, ఈ సిద్ధాంతమంతా ఎందుకు, పావురాల మీదే రాయించండి, పావురాలంటే అందరికీ ఇష్టమేనని ప్రచురణకర్తకు సలహా ఇచ్చాడట. ఇరవయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్ పెట్టి ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ బుక్‌మార్క్ ఇంకా అక్కడే ఉంది. అయినా కోట్ చేయడానికి అడ్డేం లేదు. ‘బలవంతుడిదే మనుగడ’ అని అందరూ డార్విన్ ఖాతాలో వేసే మాట మొదటి ముద్రణలో లేనే లేదు. తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ దగ్గర తీసుకుని 1869లో ఐదో ముద్రణలో చేర్చాడు. అక్కడ కూడా దాని అర్థం పరిస్థితికి తగినవాడని, బలవంతుడని కాదు.

ఇక అసలు హెచ్చరిక. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చూడండి. అక్కడ ఎవరైనా ఎండలో కూర్చుని ఏదైనా కొలుస్తూ కనిపిస్తే పుస్తకాన్ని వెంటనే కింద పెట్టేయండి. నాకు ఆ అవకాశం లేకపోయింది. జోనాథన్ వైనర్ రాసిన ‘ద బీక్ ఆఫ్ ద ఫించ్’ ఎవరో బహుమతిగా ఇచ్చారు. 1995లో పులిట్జర్ బహుమతి వచ్చిన పుస్తకం కదా, షెల్ఫ్‌లో బాగుంటుందని తీసుకున్నాను. పసిఫిక్ సముద్రంలోని గాలపగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అని ఒక బుల్లి దీవి. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏటా అక్కడికి వెళ్లి, ఫించ్ అనే చిన్న పిట్టల్ని పట్టి, కాలికి రింగు తొడిగి, కాలిపర్‌తో ముక్కు కొలిచి వదిలేవారు. 1977లో వాన ముఖం చాటేసింది. చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి మన పల్లేరుకు చుట్టమైన మొక్క కాయలు, ముళ్లూ గట్టి పెంకూ. లావు ముక్కు పిట్ట దాన్ని పట్టి మెలిపెట్టి పగలగొట్టుకుంది. సన్న ముక్కు పిట్టకు అది లొంగలేదు. చాలావరకు చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు ఎక్కువ, పిల్లలకూ అలాంటి ముక్కులే వచ్చాయి. అర మిల్లీమీటరు! దాని కోసం రాత్రి రెండింటి దాకా మేలుకున్నాను. పోనీ, ముక్కులు అలా లావెక్కుతూ పోయాయా అంటే అదీ లేదు. 1983లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) వల్ల అక్కడ వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి, చిన్న గింజలు విరగకాశాయి, ఆ తర్వాత చిన్న ముక్కులకు మంచి రోజులొచ్చాయి. అంటే ఎక్కడానికి మెట్లే లేవు. అట్ట మీది ఆ వరుస అప్పటినుంచి నాకు సరిగ్గా కనబడటం మానేసింది.

మొన్న ఒక మిత్రుడు వచ్చి, అదే వరుస ఉన్న నా పాత పుస్తకం చేతిలోకి తీసుకుని, “మరి ఇప్పుడున్న కోతులు మనుషులెందుకు కావట్లేదోయ్?” అన్నాడు. ఇదివరకైతే “అదే కదా!” అని తలూపేవాణ్ణి. ఈసారి గంటన్నర మాట్లాడాను. ఆ కాయను ముక్కుతో ఎలా మెలిపెట్టాలో చేతులతో చేసి చూపించాను. ఆయన వెళ్లిపోయాక రాత్రి గుర్తొచ్చి, పావురాల సంగతి చెప్పడం మర్చిపోయానని మెసేజ్ పెట్టాను. చూసినట్టే ఉన్నాడు. జవాబు రాలేదు.